రేడియో రిజిస్టరు, రొట్టె రిజిస్టరు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"విశ్రాంత జీవితంలో వ్యాపకాలు" అన్న అంశం మీద పావుగంట మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. డి.ఏ. బకాయిల సంగతి ఏమైనా చెబుతానేమోనని ముందు వరుసలో కూర్చున్న మిత్రులు మన్నించాలి. ఆ ఫైలు నా సీటులో లేదు.

డాలస్‌లో ఉన్న మా మనుమడు నన్ను "గీక్" అంటాడు. మొదటిసారి విన్నప్పుడు తిట్టేమో అనుకున్నాను. అర్థం చెప్పమంటే, "ఒక సంగతి పట్టుకుంటే అంతు చూసేదాకా వదలనివాడు తాతా, పక్కవాళ్ళకు విసుగొచ్చినా సరే" అన్నాడు. మా ఆఫీసులో దీనికి ఇంకా చిన్న మాట ఉండేది. పిచ్చి అనేవారు. నేను 1973లో సంగారెడ్డిలో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి 2009లో పదవీ విరమణ చేశాను. ఈ ముప్పై ఆరేళ్ళలో నా వెనుక అందరూ నన్ను పిలిచిన పేరు "రేడియో పిచ్చాయన". నా ముందర కూడా కొందరు పిలిచారు.

1974లో జీతంలో మిగిల్చి ఒక ఫిలిప్స్ ట్రాన్సిస్టర్ కొన్నాను. ఆ రోజుల్లో రేడియోకు లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవలసి వచ్చేది. ఈ సంగతి మీలో చాలామందికి జ్ఞాపకమే, వెనక కూర్చున్న పిల్లలు మాత్రం నమ్మరు. అందరిలాగే నేనూ రేడియో సిలోన్ తెలుగు పాటలతో మొదలుపెట్టాను. మీనాక్షి పొన్నుదొరై గారి గొంతు వింటే ఇంటి మనిషి పలకరించినట్లుండేది. అయితే కొన్నాళ్ళకు నా మనసు పాట మీది నుంచి పాట వచ్చిన తోవ మీదికి మళ్ళింది. సముద్రం అవతలి గొంతు, నడుమ తీగ లేదు, స్తంభం లేదు, మా పెంకుటింట్లోకి ఎట్లా వస్తున్నదని.

షార్ట్‌వేవ్ తరంగం నేల మీద పాకిపోదు. పైకి పోయి, ఆకాశంలో సూర్యరశ్మి వల్ల విద్యుత్తు నిండిన పొరకు తగిలి, వంగి తిరిగి భూమికి దిగుతుంది. సూర్యుని మీద మచ్చలు సుమారు పదకొండేళ్ళకొకసారి పెరిగి తగ్గుతుంటాయి. అవి పెరిగిన ఏళ్ళలో దూరపు స్టేషన్లు బాగా అందుతాయి. పగలు ఒక బ్యాండు పలికితే రాత్రి మరొకటి పలుకుతుంది. ఇది తెలిసిన నాటి నుంచి నాకు రాత్రి నిద్ర తగ్గింది.

గుమాస్తాను గదా, వినడంతో ఊరుకోలేదు. రిజిస్టరు తెరిచాను. మన టాటెన్‌హామ్ పద్ధతిలో పర్సనల్ రిజిస్టరు ఎట్లా ఉంటుందో అట్లాగే గీతలు గీశాను. తేదీ, వేళ, స్టేషను, కిలోహెర్ట్జ్, రిమార్కులు. రిమార్కుల్లో "సిన్పో" అని అయిదు అంకెలు వేయాలి. సిగ్నల్ బలం, ఇతర అంతరాయం, శబ్దం, ప్రసార స్థితి, మొత్తం మీద అభిప్రాయం. ఒక్కొక్క దానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. ఆ నివేదిక స్టేషనుకు పంపిస్తే వారు ముచ్చటైన కార్డు పంపేవారు. మాస్కో నుంచి, జర్మనీ నుంచి, జపాన్ నుంచి వచ్చినవి నా దగ్గర ఇప్పటికీ అట్టపెట్టెలో ఉన్నాయి. విదేశీ కవరు వచ్చిన ప్రతిసారీ పోస్టుమ్యాన్ నా ముఖం కేసి ఒక క్షణం ఎక్కువ చూసేవాడు.

1987లో గృహనిర్మాణ అడ్వాన్సు తీసుకుని ముత్తంగిలో రెండు గదుల ఇల్లు వేసుకున్నాము. సంగారెడ్డికి బస్సులో పోయి రావడం. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు, ఫ్లైఓవర్లు, అపార్టుమెంట్లు చూసినవారికి అప్పటి చీకటి ఊహకందదు. ఆ చీకటి రేడియోకు మేలు చేసింది. తరువాత చుట్టూ మోటార్లు, వెల్డింగు షెడ్లు, ఆపైన ప్రతి ఇంట్లో ఎల్.ఇ.డి. బల్బులు, సెల్‌ఫోను చార్జర్లు వచ్చాయి. ఇవన్నీ రేడియోలో గరగర పుట్టిస్తాయి. 2012లో కర్మాగారాలకు పవర్ హాలిడే పెట్టిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మా పక్కింటి వెల్డరుకు కూలి లేని రోజున నాకు టర్కీ స్పష్టంగా వినపడేది. ఆ సంతోషం నేను బయట ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళే చెబుతున్నాను.

సినిమాల సంగతి కొద్దిగా చెప్పి దాటేస్తాను. చూసిన ప్రతి సినిమాకు తేదీ రాసుకునే అలవాటు. 1991లో "ఆదిత్య 369" వచ్చినప్పుడు మా సెక్షనులో ఒక మిత్రునికీ నాకూ భోజనాల వేళ వారం రోజులు వాదం నడిచింది. కాలయంత్రం 1526కు పోయింది సరే, అప్పుడు రాయల వారు ఉన్నారా లేరా అని. ఉన్నారు, ఆయన పోయింది 1529లో. సింగీతం శ్రీనివాసరావు గారు లెక్క తప్పలేదు. ఆ సినిమా 2025లో మళ్ళీ థియేటర్లలోకి వస్తే పోయి చూశాను. పక్కన వాదించే మిత్రుడు లేడు. సీటు మాత్రం మెత్తగా ఉంది.

ఇక 2009 సంగతి. రిటైరయిన కొత్త. మన జిల్లాలోనే, జహీరాబాదు దగ్గర మాచునూరులో, 2008 అక్టోబరు 15న సంగం రేడియో మొదలైంది. పస్తాపూరు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలది. దళిత మహిళలు నడిపే రేడియో, 90.4 మెగాహెర్ట్జ్. ఇంజనీర్లు కారు, ఆకాశవాణి పరీక్షలు పాసైనవారు కారు. వ్యవసాయం చేసుకునే ఆడవాళ్ళు మైకు పట్టుకుని, ఎడిటింగు నేర్చుకుని, సాయంత్రం పూట తమ భాషలో తామే ప్రసారం చేస్తున్నారు. పేపర్లో చదివిన రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. కానీ సామాజిక రేడియోకు ప్రభుత్వం అనుమతించే శక్తి వంద వాట్లు. ఎఫ్.ఎం. తరంగం షార్ట్‌వేవ్ లాగా ఆకాశానికి తగిలి రాదు, కంటిచూపు పోయినంత దూరమే. అరవై డెబ్బై కిలోమీటర్ల అవతల ఉన్న ముత్తంగికి అది రానే రాదు.

కనుక నేనే పోయాను. చిన్న రేడియో జేబులో పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, మధ్యాహ్నం బస్సెక్కాను. సదాశివపేట దాటినాక ముల్లు 90.4 మీద పెట్టి కూర్చున్నాను. గరగర తప్ప ఏమీ లేదు. జహీరాబాదు బస్టాండులో దిగి, చీకటి పడ్డాక, ఒక సిమెంటు బల్ల మీద కూర్చుంటే వచ్చింది. సిన్పోలో అయిదుకు నాలుగు వేయవచ్చు. ఒక పెద్దమ్మ మాట్లాడుతున్నది. ఏ నేలలో ఏ జొన్న వేయాలి, కొర్రలు ఎట్లా నిలవ చేయాలి, విత్తనం బజారులో కొనకుండా బూడిద కలిపి ఎట్లా దాచాలి. అచ్చం మా అమ్మ మాట్లాడిన భాష. అంతకు ముందు ముప్పై అయిదేళ్ళు రేడియో విన్నాను గాని, ఆ భాష రేడియోలో వినడం నాకదే మొదలు. ఆఖరు బస్సు పోతుందన్న భయం లేకుంటే రాత్రంతా అక్కడనే ఉందును.

అర్ధరాత్రి దాటినాక ఇల్లు చేరి, అన్నం తింటూ మా ఇంటావిడకు అంతా వర్ణించాను. జొన్నలూ కొర్రలూ బూడిదా, ఏదీ వదలలేదు. ఆమె అన్నీ విని, "గీ ముచ్చట్లే నేను ఇంట్ల చెప్తె ఇనవు. జహీరాబాదు దాక పోయి ఇనొస్తివా?" అన్నది. నేను నవ్వి, ఆ రాత్రే రిజిస్టరులో ఎంట్రీ వేసుకుని పడుకున్నాను. ఆమె అన్న మాట రిజిస్టరులో రాయలేదు.

2016 ఆగస్టులో ఆమె కాలం చేసింది.

దాని గురించి ఎక్కువ చెప్పను. ఈ సభలో ఆ అనుభవం ఉన్నవారు చాలామందే ఉన్నారు. రేడియో ముట్టుకోబుద్ధి కాలేదు. ఆ అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. మన మెదక్ జిల్లా మూడయింది. మనం సంగారెడ్డి జిల్లా అయ్యాము. మా పెద్దబ్బాయి ఒకనాడు కంప్యూటరు ముందు కూర్చోబెట్టి తెలుగు వికీపీడియా చూపించాడు. అది 2003లో మొదలైన స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం, ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. చూస్తే మన ఊళ్ళన్నీ ఇంకా పాత జిల్లాలోనే ఉన్నాయి. గుమాస్తా మనసు ఊరుకుంటుందా? తెలుగు టైపు లోయరు పాసైనవాణ్ణి గాని ఈ మీటల అమరిక వేరు. "లేఖిని" అనే సైటులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో పడతాయని అబ్బాయి నేర్పాడు. ఊరి తరువాత ఊరు, మండలం తరువాత మండలం, జి.ఓ. ముందు పెట్టుకుని దిద్దుతూ పోయాను. నాలాగే ఆ పని చేస్తున్నవారు ఇంకా ఉన్నారని తరువాత తెలిసింది. ముఖాలు తెలియవు. ఆ చలికాలం ఆ పనితో గడిచింది. లేకుంటే ఎట్లా గడిచేదో నాకు తెలియదు.

అక్కడి పద్ధతి మనవాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. ప్రతి వ్యాసానికి వెనుక "చర్చ" అని ఒక పేజీ ఉంటుంది, అది మన నోట్ ఫైలు. "చరిత్ర" అని ఇంకొకటి, ఎవరు ఏ తేదీన ఏ నిమిషాన ఏ అక్షరం మార్చారో అందులో ఉంటుంది. ఫైలు పోయింది, కాగితం చిరిగింది అనే సాకులు సాగవు. ఒకసారి మా ఊరి గురించి నాకు కళ్ళతో చూసిన జ్ఞాపకం నాలుగు వాక్యాలు రాస్తే, మర్నాటికి ఎవరో తీసివేసి "మూలం ఇవ్వగలరు" అని రాశారు. నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఉంటున్న ఊరికి నేనే మూలం గదా! రెండు రోజులు అటు పోలేదు. తరువాత ఆలోచిస్తే, వోచరు లేని ఖర్చుకు ఆడిట్ వాళ్ళు అభ్యంతరం పెట్టినట్లే గదా అనిపించింది. న్యాయమే.

ఇంటర్నెట్టే నన్ను మళ్ళీ రేడియోకు చేర్చింది. నెదర్లాండ్స్‌లో ట్వెంటే విశ్వవిద్యాలయం వారు ఒక షార్ట్‌వేవ్ రిసీవరును ఇంటర్నెట్టుకు తగిలించి పెట్టారు. ముత్తంగిలో కూర్చుని వారి యాంటెన్నాతో వినవచ్చు. ఇక్కడి వెల్డింగు గరగర అక్కడ లేదు. కాని మనం వినే స్టేషన్లే ఒక్కొక్కటి మూతబడుతున్నాయి. బి.బి.సి. హిందీ షార్ట్‌వేవ్ ప్రసారం 2020 జనవరి 31తో ఆగింది. ఆ రాత్రి చివరిదాకా విన్నాను. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ఆన్‌లైన్ సరదాల్లో తెలియని లింకులు నొక్కవద్దు, పోలీసునని ఫోనులో కనిపించి "డిజిటల్ అరెస్టు" అనేవాడికి భయపడవద్దు. అట్లాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. ఫోను పెట్టేయండి.

ఆ రాత్రి బి.బి.సి. ఆగిపోయినాక ఎంట్రీ వేద్దామని పాత రిజిస్టర్లన్నీ దించాను. పదకొండు ఉన్నాయి. తిరగేస్తూ పోతుంటే రిమార్కుల కాలమ్‌లో ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనబడింది. "అంతరాయం. కారణం: మిక్సీ." మిక్సీ మోటారులో నిప్పురవ్వలు లేస్తాయి, అవి రేడియోలో గర్రుమంటాయి. మిక్సీ తిరిగిన ప్రతిసారీ నేను విసుక్కుని రాసుకున్నాను. కూర్చుని లెక్క పెట్టాను. నూట నలభై మూడు సార్లు. ఇంకొక చోట, 1998 జనవరి 13, భోగి: "వంటింట్లో రొట్టె తట్టు చప్పుడు. ట్యూనింగు ఆపివేయడమైనది." ముప్పై ఏళ్ళకు పైగా మాస్కో ఏ వేళకు పలికింది, టోక్యో ఏ అంకె మీద పలికింది, అన్నీ ఉన్నాయి. ఆమె మాత్రం నా రిజిస్టర్లలో అంతరాయం అన్న పద్దు కింద తప్ప ఇంకెక్కడా లేదు.

భోగినాడు ఆమె నువ్వులద్దిన సజ్జ రొట్టె చేసేది. దాని వివరం ఒక్క ముక్క నా దగ్గర లేదు. ఏ రోజూ అడగలేదు.

మా ఊరికి దగ్గరలోనే ఇక్రిశాట్ ఉన్నది. 1972లో పెట్టినది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద ప్రపంచంలోని శాస్త్రజ్ఞులు వచ్చి పరిశోధన చేసే చోటు. దాని గేటు ముందు నుంచి ఎన్నిసార్లు బస్సులో పోయి ఉంటానో! ఇంట్లో మాత్రం రెండు రూపాయల బియ్యం వచ్చిన కాలం నుంచి జొన్న తగ్గి అన్నం పెరిగింది. రొట్టె పండుగ వంట అయింది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటిస్తే సజ్జ పిండి ప్యాకెట్లలో సూపర్‌బజారుకెక్కింది. ఆమె ఉంటే ఏమనేదో!

పన్నెండో రిజిస్టరు తెరిచాను. వంట తరాజు ఒకటి కొన్నాను. ఆన్‌లైన్‌లో వీడియోలు చూశాను. ఎన్ని ఉన్నాయంటే, మొదటి వారం చూడడంతోనే సరిపోయింది. గోధుమ పిండిలో సాగే జిగురు ఉంటుంది, సజ్జలో, జొన్నలో అది లేదు. అందుకే వేడినీళ్ళు పోస్తారు. పిండి కొంత ఉడికి, ఆ జిగటతో నిలబడుతుంది. సజ్జలో నూనె పాలు ఎక్కువ, విసిరిన పిండి కొద్ది రోజులకే చేదెక్కుతుంది. ప్యాకెట్టు పిండితో నా రొట్టె చేదెందుకయిందో ఇట్లా తెలిసింది. తెలిసినంత మాత్రాన రొట్టె రాలేదు. మొదటి నెల ముప్పై ఒకటి చేస్తే ఇరవై ఆరు పగిలాయి. కోడలు మొదట నవ్వింది, తరువాత భయపడింది, ఆ తరువాత గ్యాసు బండ సంగతి ఎత్తింది.

చివరకు సదాశివపేట నుంచి మా మరదలిని పిలిపించాము. ఆమె మా ఇంటావిడకు చెల్లెలు, ఇద్దరూ ఒక పొయ్యి దగ్గర నేర్చినవారు. నేను ఫోను స్టాండు మీద పెట్టి, తరాజు ముందుకు జరిపి, "కాస్త ఆగమ్మా, జోకి రాసుకుంటా" అన్నాను. "బావా, గా తరాజు పక్కకు వెట్టు. పిండి చేతికి చెప్తది" అన్నది. అయినా వదలలేదు. ఆమె పోసే ముందు నీళ్ళు కొలిచాను, తీసే ముందు పిండి జోకాను. రెండు వందల గ్రాముల పిండికి రెండు వందల ముప్పై మిల్లీలీటర్ల మసిలే నీళ్ళు. పిండి మొత్తం మీద కుమ్మరించకూడదు. ఎసట్లో మూడో వంతు పిండి వేసి కలియబెట్టి దించి, మూత పెట్టి, ఆపైన మిగతా పొడి పిండిలో కలిపి బాగా మర్దించాలి. అది ఏ వీడియోలోనూ నాకు కనిపించలేదు. నువ్వులు తట్టేటప్పుడే తడి చేత్తో అద్దాలి. పెనం మీద వేశాక పై పక్కన నీళ్ళు రాసి, ఆ తడి ఆరిన తరువాతనే తిప్పాలి.

మొదటి రొట్టె నా చేతిలో పెట్టింది. తిన్నాను. మా మరదలు నా ముఖం చూసి, "అక్క ఇంకొంచెం పలుచగ తట్టేది" అన్నది. ఆ మాట కూడా రాసుకున్నాను.

మొన్నటి భోగికి నేనే చేశాను. ఆరులో అయిదు నిలిచాయి. మనుమడు డాలస్ నుంచి వీడియోలో చూసి, "తాతా, సిన్పో ఎంత?" అన్నాడు. నాలుగు అన్నాను. మన పద్ధతిలో ఫైలు ముగిస్తే ఎల్.డిస్. అని కొన్నాళ్ళకు పారవేసేవి ఉంటాయి, ఆర్.డిస్. అని శాశ్వతంగా ఉంచేవి ఉంటాయి. ఆ పేజీ మీద ఎర్ర సిరాతో ఆర్.డిస్. వేశాను.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఒక్క విన్నపం చేసి ముగిస్తాను. మీ ఇళ్ళలో అమ్మ చేసేదో, అత్త చేసేదో, ఇప్పుడు ఒక్కరికే వచ్చిన వంట ఏదైనా ఉంటే నాకు కబురు పెట్టండి. ఫోనూ, తరాజూ, రిజిస్టరూ తీసుకుని నేనే వస్తాను. దారి ఖర్చు నాదే, టి.ఏ. బిల్లు పెట్టను. రాసింది ఒక నకలు మీకు, ఒక నకలు సంఘం బీరువాలో. ఇప్పటికి సభ్యుల ఇళ్ళలో తొమ్మిది రాశాను. నేను వచ్చినప్పుడు మిక్సీ వేసి ఉంటే ఆపవద్దని ఇంట్లో వారికి చెప్పండి.

సెలవు. నమస్కారము.